కోలాటం ఆడిన నేల

గదికి ఏ నేల వేయించుకోవాలని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా పెళ్ళి భోజనాల వరసలో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా వదలరు. టేకు చెక్కా, వెదురా, లామినేటా? నాకు నోటికి వచ్చిన పాఠం ఒకటుంది, అది అప్పజెప్పేస్తాను. చెక్క చాలా కాలం ఉంటుంది, గీతలు పడితే చిత్రిక పట్టి మళ్ళీ మెరుగు పెట్టుకోవచ్చు, కాని చెదలకూ తడికీ భయపడాలి. వెదురు గట్టిది, చూపుకు బాగుంటుంది, వేసేవాడికి పని తెలియాలి. లామినేట్ అంటే చెక్కపొడిని అదిమి చేసిన అట్ట, పైన చెక్క ఫోటో. చవక, తొందరగా అయిపోతుంది, నీళ్ళు నిలిస్తే అంచులు ఉబ్బుతాయి. అంతే. అడిగినవాళ్ళు తల ఊపి, పప్పులో నెయ్యి కలుపుకుంటారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు మాత్రం ఆ పాఠంలో లేని సంగతి ఒకటి చెప్పాలని ఉంది. మీ పనికి పనికొస్తుందో లేదో తెలియదు. నాకైతే ఇప్పటికీ ఏ కొత్త గదిలో అడుగు పెట్టినా ఇదే గుర్తొస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన తొంభైల మొదట్లో బెంగళూరులో నేలంటే మొజాయిక్, ఎర్ర ఆక్సైడు కలిపిన సిమెంటు, డబ్బున్నవాళ్ళకు పాలరాయి. చెక్క నేల చూడాలంటే దండు వైపు, అంటే కంటోన్మెంటులోని పాత బంగళాలకు పోవాలి. తరవాత సాఫ్ట్‌వేర్ జీతాలు వచ్చాయి, వాటితోపాటు విదేశాల్లో చూసొచ్చిన ఇళ్ళ ముచ్చట్లూ వచ్చాయి. అందరికీ కాళ్ళ కింద చెక్క కావాలి. నేలలు అమ్మి, వేసిచ్చే ఒక కంపెనీలో నేను సైట్ సూపర్‌వైజరును. కొలతలు తీసుకోవడం, నమూనాలు చూపించడం, పని జరిగేటప్పుడు పక్కన నిలబడటం నా ఉద్యోగం. మాది పాత పేటలో మగ్గాల ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. పనిలో మాత్రం మూడు నాలుగు భాషలు కలిపి కొట్టేవాణ్ణి.

మా గోడౌను జిగణిలో ఉండేది. అక్కడ నాతో పనిచేసినవాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు వడ్రంగి మేస్త్రి. ఆనేకల్ వైపు తెలుగువాడు, నాకన్నా పెద్దవాడు. అన్నా అనేవాణ్ణి. కోపం ముక్కు మీదే ఉండేది, కాని పలక మీద చెయ్యి వేస్తే ఆ కోపం ఎక్కడికి పోయేదో పోయేది. రెండోవాడు మేనేజరు, హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు. చదువుకున్నవాడు, మర్యాదస్థుడు, నెలాఖరు వస్తే మాత్రం నిద్ర పట్టేది కాదు అతనికి.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక రోజు షోరూంకు ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. విజయవాడ వైపు మనిషి, పెళ్ళయి బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడింది. వినపడని పిల్లలకు చిన్న బడి నడుపుతోంది. కె.ఆర్.పురంలో, పాత మద్రాసు రోడ్డుకు లోపలి వీధిలో, ఒక ఇంటి మేడ మీద. మేమందరం ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం.

"పిల్లలకు కోలాటం నేర్పాలండీ, దానికి నేల కావాలి" అంది.

మేనేజరు మొహం చూడాలి. "మేడమ్, కిడ్స్‌కి... అంటే, వాళ్ళకి మ్యూజిక్..."

"వినపడదు. అందుకే నేల కావాలి అంటున్నాను" అంది టీచరమ్మ. "మా చుట్టాల ఊళ్ళో పాత మిద్దె ఇల్లొకటి ఉండేది. పై అంతస్తుకు చెక్కలు పరిచారు. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళాను. ఎవరో కింద డోలు వాయిస్తుంటే పైన పిల్లలు ఆగిపోయి కాళ్ళ వంక చూసుకున్నారు. వాళ్ళకు పాదాల్లోంచి వచ్చింది. నాకు అలాంటి నేల కావాలి."

మేనేజరుకు అప్పుడే వెదురు పలకల సరుకు కొత్తగా దిగింది. నన్ను పక్కకు పిలిచి, "సార్, బాంబూ చూపించండి. కొత్త స్టాక్, ఎలాగైనా మూవ్ చేయాలి" అన్నాడు. అతని తప్పేం లేదు. వెదురు బాగానే ఉండేది కూడా. నాకే ఆ పిల్లల సంగతి విన్నాక ఏది చెప్పాలో తోచలేదు. "అమ్మా, నేను చెప్పేదానికన్నా పిల్లల్నే ఒకసారి గోడౌనుకు తీసుకురండి. కాళ్ళు పెట్టి చూడనీండి" అన్నాను.

పిల్లలొచ్చే రోజుకు మేస్త్రీ, నేనూ మూడు నమూనాలు సిద్ధం చేశాం. ఒకటి మెత్తటి ఫోము షీటు పరిచి దాని మీద బిగించిన లామినేట్. రెండోది సిమెంటు మీద జిగురుతో అతికించిన వెదురు. మా దగ్గరున్న వెదురు పలకలు పలచనివి, వాటిని అలాగే వేయాలి. మూడోది చెక్క పట్టీలు వరసగా పేర్చి, వాటిపైన టేకు పలకలు కొట్టింది. అంటే పలకల కింద కొంచెం బోలుగా ఉంటుంది. ఇంతకన్నా మా పని గురించి మీకు ఇక్కడ తెలియాల్సింది లేదు.

పిల్లలు వ్యాను దిగి గోడౌనంతా కలియతిరిగారు. రంపం దగ్గరికి పోయినవాళ్ళను మేస్త్రి కసిరాడు. కసిరితే వినపడదని గుర్తొచ్చి, నాలిక కరుచుకుని, చేత్తో వద్దని చూపించాడు. టీచరమ్మ వాళ్ళను లామినేట్ మీద నిలబెట్టి గోడవైపు తిప్పింది. వెనక డోలు నేల మీద ఆనించి, కొట్టినప్పుడల్లా చెయ్యెత్తమని సైగ చేసింది. కొట్టింది. ఒకరిద్దరు అనుమానంగా చెయ్యెత్తి పక్కవాళ్ళను చూసి దించేశారు. వెదురు మీద ఒక్క చెయ్యీ లేవలేదు. మేనేజరు నావైపు చూసి పెదవి విరిచాడు.

టేకు మీద నిలబెట్టి కొట్టిన మొదటి దెబ్బకే చేతులన్నీ లేచాయి.

వాళ్ళలో రెండు జడల పిల్ల ఒకతె ఉండేది. చిన్న మొహం, పెద్ద కళ్ళు. అందరూ చెయ్యెత్తి నవ్వుతుంటే ఆ పిల్ల నవ్వలేదు. కిందికి వంగి, పలక మీద చెంప ఆనించి పడుకుంది. టీచరమ్మ మళ్ళీ మెల్లగా కొట్టింది. పిల్ల కళ్ళు మూసుకుని వేలితో నేల మీద అదే లెక్కన తట్టింది. మా మేనేజరు బూట్లు విప్పి, మేజోళ్ళు కూడా విప్పి, ఆ పలకల మీదికెక్కి నిలబడ్డాడు. ఆ తరవాత వెదురు పేరు ఎత్తలేదు.

మేడ మీది హాలుకు టేకు నేల వేశాం. మేస్త్రి ఆ పనిని ఎంత శ్రద్ధగా చేశాడంటే, పలకకూ పలకకూ మధ్య సందును గోటితో తడిమి చూసుకునేవాడు. "పిల్లకాయల పాదాలప్పా. ఒక్క పేడు కూడా లేచి ఉండకూడదు" అనేవాడు. పని నడుస్తున్న రోజుల్లో కింద ఇల్లు ఖాళీగా ఉంది. ఓనరు వేరే పేటలో ఉండేవాడు. మేడ మీద ఏం వేస్తున్నామో వచ్చి చూసి, బాగుంది అని పోయాడు.

ఆ తరవాత పనున్నా లేకున్నా నేను ఆ వీధిలో పోయేవాణ్ణి. కోలాటం మీరు చూసే ఉంటారు. గుండ్రంగా తిరుగుతూ ఎదుటివాడి కర్రకు కర్ర తాకించాలి. కళ్ళు ఎదుటివాడి కర్ర మీదుండాలి. చుట్టు తిరిగేటప్పుడు సగం మందికి డోలు వాయించేవాళ్ళు వీపు వెనక ఉంటారు. చెవులుంటే పరవాలేదు. ఈ పిల్లలకు చెవుల బదులు పాదాలున్నాయి. టీచరమ్మ డోలు వేగం పెంచితే వెనక్కి తిరిగి చూడకుండానే వాళ్ళ కర్రలూ వేగం పెంచేవి. గదిలో ఒక్క మాట ఉండేది కాదు. డోలు, కర్రలు, అడుగులు. ఆ రెండు జడల పిల్ల అయితే కళ్ళు మూసుకుని కూడా తిరిగేది, ఎదుటివాళ్ళే భయపడి తమ కర్రను ఆమె కర్ర దగ్గరికి తెచ్చేవాళ్ళు. నన్ను చూస్తే పరిగెత్తుకొచ్చి, నేలను వేలితో చూపించి, తరవాత నన్ను చూపించేది. నువ్వే కదా వేశావు అని. మేస్త్రీ నా వెంట వచ్చిన రోజున నేను ఆయన వైపు చూపించేవాణ్ణి. ఆయన సిగ్గుపడి బీడీ కోసం బయటికి పోయేవాడు.

కొన్నాళ్ళకు కింద ఇంట్లోకి అద్దెకు మనుషులొచ్చారు. ముగ్గురు అమ్మాయిలు, కాల్ సెంటర్ ఉద్యోగాలు. తెలుగు పిల్లలే.

ఒక పొద్దున కిటికీ పక్కన పలక ఒకటి కిర్రుమంటోందని టీచరమ్మ కబురు చేస్తే, మేస్త్రీ నేనూ వెళ్ళాం. మేం కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాం, పిల్లలు కోలాటం ఆడుతున్నారు. తలుపు దగ్గర ఒకమ్మాయి వచ్చి నిలబడింది. నైటీ మీద చున్నీ, రేగిన జుట్టు, ఎర్రటి కళ్ళు. గట్టిగా అరిచింది.

"హలో! ఎక్స్‌క్యూజ్ మీ! కొంచెం ఆపుతారా?"

పిల్లలెవరూ తిరిగి చూడలేదు. టీచరమ్మ డోలు చప్పుడులో ఉంది. అమ్మాయి ఇంకా గట్టిగా అరిచింది. "చెప్తే వినపడదా మీకు?" పిల్లలు తిరుగుతూనే ఉన్నారు. ఆ అమ్మాయికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గడప దాటి లోపలికి ధనాధనా రెండడుగులు వేసింది.

పిల్లలందరూ ఒక్కసారిగా ఆగి ఆమె వైపు తిరిగారు. ఆ నేల మీద కొత్త అడుగు పడితే వాళ్ళకు తెలిసిపోయేది. ఎవరో చుట్టం వచ్చిందనుకుని నవ్వారు. ఒకడు కర్ర కూడా చాచాడు, ఆడదాం రమ్మని.

అమ్మాయి నోరు తెరిచి నిలబడిపోయింది. టీచరమ్మ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"వీళ్ళకు వినపడదమ్మా."

"వాళ్ళకి వినపడదు మేడమ్" అంది ఆ అమ్మాయి. "నాకు వినపడుతుంది కదా."

కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి చెప్పింది. రాత్రంతా అమెరికావాళ్ళతో ఫోను. తెల్లారాక కంపెనీ వ్యాను దింపుతుంది. పడుకునే వేళకు పైన డోలు మొదలవుతుంది. మిగతా ఇద్దరికీ వేరే షిఫ్టు, ఈమెకే ఈ అవస్థ. "కాల్‌లో ఉండగానే నిద్రపోయాను మేడమ్. కస్టమర్ హలో హలో అంటున్నాడంట, నాకు తెలీదు. టీమ్ లీడర్ రెండోసారి వార్నింగ్ ఇచ్చాడు. ఇంకోసారైతే తీసేస్తారు."

"చెవుల్లో దూది పెట్టుకుని చూశావా తల్లీ?" అన్నాడు మేస్త్రి.

"పెట్టుకున్నా అంకుల్. చెవులు మూసుకుంటే మంచంలోంచి వస్తుంది. ఒళ్ళంతా కొడుతుంది."

టీచరమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. నేనూ మేస్త్రీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పైన పిల్లలకు ఏది కావాలని అంత కష్టపడి వేశామో, అదే కింద ఈ పిల్లకు అందుతోంది.

ఆ అమ్మాయి చెడ్డది కాదు. ఆ మాట ఎవరికైనా ముందే చెప్తాను. షిఫ్టు మార్చమని అడిగింది, కుదరదన్నారు. ఇల్లు మారదామంటే ఇచ్చిన అడ్వాన్సు అంత తొందరగా వెనక్కి రాదు. టీచరమ్మా తన వైపు నుంచి చూసింది. సాయంత్రం పెడదామంటే పిల్లలు నాలుగు దిక్కుల నుంచి వ్యానులో వస్తారు, మధ్యాహ్నానికి వెనక్కి పోవాలి. కొన్నాళ్ళు డోలు మీద గుడ్డ కప్పి వాయించింది. కిందికి తగ్గింది, పైనా తగ్గింది.

మేస్త్రి ఒక మూలన కొన్ని పలకలు లేపి, పట్టీల కింద లారీ టైర్ల రబ్బరు ముక్కలు పెట్టాడు. నన్ను కింద ఇంట్లో నిలబెట్టి పైన ఆ మూలన డోలు కొట్టించాడు. నాకు ఎక్కడో దూరాన కొట్టినట్టు వినిపించింది. ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి, "ఇది చాలు అంకుల్, ఇలా అయితే పడుకోగలను" అంది. నేను మెట్లెక్కి సంబరంగా పైకి పోయాను. మేస్త్రి తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. పిల్లలు ఆ మూల నుంచి లేచి, నడిచి, బాగు చేయని రెండో వైపుకు పోయి నిలబడ్డారు. ఎవరూ పొమ్మనలేదు. రెండు జడల పిల్ల వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగుతోంది, అక్కడ ఏమీ లేదు ఇటు రా అన్నట్టు.

"ఎట్ల చేసినా అంతేప్పా" అన్నాడు మేస్త్రి. "వీళ్ళకు వస్తే ఆ పిల్లకు పోతాది. ఆ పిల్లకు పోకుంటే వీళ్ళకు రాదు."

మీరెవరైనా ఇంజినీరింగు చదివి ఉంటే దీనికి ఏదో ఉపాయం చెప్తారేమో. మేం అడిగినవాళ్ళు చెప్పినవన్నీ ఇల్లు విప్పి కట్టే ఉపాయాలు.

ఓనరుకు ఫోను చేసింది ఆ అమ్మాయి కాదు, ఆమెతో ఉండే ఇంకో అమ్మాయి. స్నేహితురాలు చిక్కిపోవడం చూడలేక చేసింది. ఓనరు ఒక ఉదయం వచ్చాడు. ఆయనా పాత బెంగళూరు తెలుగువాడే. చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చుని, పిల్లల ఆట కాసేపు చూశాడు. అయినా చెప్పాల్సింది చెప్పాడు.

"అమ్మా, నాకూ మనసు ఉండాది. అయితే కింద ఆడపిల్ల నిద్ర లేక పడిపోతే నేనేం జవాబు చెప్పేది? ఈ చెక్కలు తీసేయండి. బడి ఉండనీండి, నేను వద్దనను. చెక్కలు మాత్రం వద్దు."

"కింద ఇల్లు కూడా మేమే తీసుకుంటామంటే?" అంది టీచరమ్మ.

"మీతో అయితాదా అమ్మా?"

రెండిళ్ళ అద్దె ఆమె వల్ల అవదని అందరికీ తెలుసు.

ఆ నెలంతా టీచరమ్మ మేడ కాకుండా నేల మీదే ఉండే ఇళ్ళ కోసం తిరిగింది. కింద ఎవరూ ఉండని ఇల్లు, పక్క గోడ కలవని ఇల్లు. కొన్నిచోట్ల నేనూ వెంట వెళ్ళాను. డోలు అనగానే తలుపులు మూసేవాళ్ళు. ఒకాయన పిల్లల సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మా ఇంట్లో మాత్రం వద్దమ్మా అన్నాడు.

చివరికి ఆమె షోరూంకు వచ్చింది. మొదటిసారి కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. మేనేజరు మంచినీళ్ళు తెప్పించాడు.

"ముందు పిల్లలకు చోటంటూ ఉండాలి కదండీ" అంది నాతో. "ఆ లామినేటే వేసేయండి. కింద మెత్తటి షీటు దళసరిగా పరచండి. కింది నుంచి మళ్ళీ ఎవరూ పైకి రాకూడదు. ఇంకెవర్నీ పంపకండి, మీరే రండి. పిల్లలకు మీరు తెలుసు."

మేస్త్రితో చెప్తే భగ్గుమన్నాడు. "నేను వేసింది నేనే పీకల్లనా? నా చేతులతో కాదు. ఎవురినైనా తీసుకుపో" అన్నాడు. సరేనని వేరే వడ్రంగుల్ని మాట్లాడి తెల్లవారి వెళ్ళేసరికి, మెట్ల మీద ఆయనే కూర్చుని ఉన్నాడు, పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని. "వాళ్ళైతే గడ్డపార పెట్టి విరుస్తారు" అన్నాడు. సంచి భుజాన వేసుకుని నాకన్నా ముందే మెట్లెక్కాడు.

పలకలు ఊడదీయడం వేయడం కన్నా కష్టం. ఆయన ఒక్కో మేకునూ అటూ ఇటూ కదిలించి, పలకకు దెబ్బ తగలకుండా లేపాడు. ఒక్కటి కూడా చీలలేదు. బడికి సెలవిచ్చారు. మధ్యాహ్నం పూట కింద అమ్మాయి పైకి వచ్చింది. మేం చప్పుడు చేసి లేపామేమోనని క్షమించమన్నాను. "నిద్ర రాలేదు అంకుల్" అని, గోడకానించిన పలకల్లో రెండు తీసుకుని మెట్లు దిగి వ్యాను దాకా మోసింది. వద్దంటే వినలేదు. అన్ని పలకలూ వ్యానెక్కేదాకా మోస్తూనే ఉంది. పోయేముందు టీచరమ్మ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయింది. టీచరమ్మ ఆమె తల నిమిరి, "నువ్వు పడుకో తల్లీ, డ్యూటీ ఉంది కదా" అంది.

లామినేట్ వేయడం ఎంతసేపు? ఒకదానిలో ఒకటి నొక్కుకుంటూ పోవడమే. చూడ్డానికి టేకులాగే ఉంది. అసలుకన్నా నిగనిగలాడింది.

బడి మళ్ళీ తెరిచిన రోజు నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సిందేమో. పిల్లలు మెరిసే నేల చూసి మురిసిపోయారు. జారుతూ ఆడుకున్నారు. టీచరమ్మ ముందే అంతా సైగలతో చెప్పిందట, కింద ఒక అక్క పడుకోవాలి అని. వాళ్ళూ తల ఊపారట. ఏం అర్థమైందో ఎవరికి తెలుసు?

గుండ్రంగా నిలబడ్డారు. డోలు మొదలైంది. టీచరమ్మకు ఎదురుగా ఉన్నవాళ్ళు ఆమె చెయ్యి చూసి కదిలారు. వీపు తిప్పినవాళ్ళు నిలబడిపోయారు. కొంతమంది మెడ తిప్పి ఆమె చెయ్యి చూస్తూ ఆడబోయారు. కళ్ళు అక్కడుంటే కర్ర ఎక్కడ పడుతుంది? ఎదుటివాడి వేళ్ళ మీద పడింది. ఒక పిల్లాడు వేలు నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అంతే. టీచరమ్మ డోలు పక్కన పెట్టింది.

రెండు జడల పిల్ల వలయంలోంచి బయటికి వచ్చి నేల మీద చెంప ఆనించి పడుకుంది. లేచి, ఇంకో చోట పడుకుంది. వేలి కణుపులతో తట్టింది. గదంతా అలా వెతికి నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, అరచేతిని నేల మీద పరిచింది. తన కాలు ఎత్తి గట్టిగా కొట్టింది. నా మొహంలోకి చూసింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ చూసింది. తరవాత గోడవారగా ఉన్న నా సంచి చూపించింది. అందులో సుత్తి ఉంటుందని ఆ పిల్లకు తెలుసు.

చెడిపోయింది, బాగు చెయ్యి అంటోంది.

ఎన్నో ఇళ్ళలో ఎందరికో సర్దిచెప్పినవాణ్ణి. ఆలస్యమెందుకైందో, గీత ఎందుకు పడిందో ఏ భాషలోనైనా చెప్పగలిగేవాణ్ణి. ఆ పిల్లకు చెప్పడానికి నా దగ్గర ఒక్క సైగ కూడా లేదు. కాదని తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. టీచరమ్మ వచ్చి తీసుకుపోయేదాకా నా ముందు అలాగే కూర్చుంది.

మేస్త్రి ఆ తరవాత ఎక్కువ కాలం పని చేయలేదు. మోకాళ్ళ నొప్పులని మానేశాడు. మోకాళ్ళ నొప్పులు ఉన్న మాట నిజమే.

మరుసటి ఏడు వానాకాలంలో టీచరమ్మ దగ్గరి నుంచి ఫోను. కిటికీలోంచి జల్లు కొట్టి లామినేట్ అంచు ఉబ్బిందని. వెళ్ళాను. కింద ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, సున్నం వాసన. అమ్మాయిల ఆఫీసు బెళ్ళందూరుకు మారిందట, ముగ్గురూ అక్కడికే ఇల్లు మారారని సున్నం కొడుతున్నవాళ్ళు చెప్పారు. ఆ మాట వినగానే నాకు కాళ్ళు నిలవలేదు. టేకు పలకలు ఇంకా జిగణి గోడౌనులోనే ఉన్నాయి. ఎవరైనా అడిగితే మేనేజరు ఏదో ఒక సాకు చెప్పి వాటిని అమ్మకుండా ఆపుతున్నాడు. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

పైకి వెళ్ళేసరికి క్లాసు మధ్య విరామం. పిల్లలు బట్టలు సర్దుకుంటూ వరసల్లో నిలబడుతున్నారు. కోలాటం మానేశారు. అందరూ ముందుకు తిరిగి, టీచరమ్మ చేతిని చూస్తూ ఆడే ఆట ఏదో నేర్చుకుంటున్నారు. రెండు జడల పిల్ల ముందు వరసలో ఉంది. కొంచెం పొడుగయింది. నన్ను చూసి నవ్వింది, నేల వైపు చూపించలేదు.

"అమ్మా, కింద ఖాళీ అయింది. పలకలు ఉండాయి, ఒక్కటి కూడా పోలేదు. మేస్త్రిని నేను ఎట్లయినా పిలుచుకొస్తాను. మళ్ళీ వేద్దాం" అన్నాను. ఆత్రంలో నా ఇంటి మాట బయటికి వచ్చేసింది.

టీచరమ్మ కిటికీ రెక్క లాగి గడియ పెట్టింది.

"కింద మళ్ళీ ఎవరో వస్తారు కదండీ."

"వచ్చేవాళ్ళు పగలు పనికి పోయేవాళ్ళయితే..."

"కాకపోతే?" అంది. "చంటిపిల్లల తల్లి వస్తుంది. జబ్బు మనిషి వస్తాడు. మళ్ళీ ఓనరు వస్తాడు. ఒకసారి వీళ్ళకు ఇచ్చి లాక్కున్నాను. ఆ పిల్ల నా దగ్గర మాట్లాడటం మానేసింది, ఎన్ని రోజులో మీకు తెలీదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. సైగలు చేసే పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంటే అంతేగా ఇక. ఇప్పుడిప్పుడే మళ్ళీ చేతులు ముందుకు వస్తున్నాయి. రెండోసారి ఇచ్చి లాక్కునే ధైర్యం నాకు లేదండీ."

 ఉబ్బిన పలక మార్చాను. అది చిన్న పని. టీచరమ్మ డోలు దగ్గర కూర్చుంది, చెయ్యెత్తింది. కళ్ళన్నీ ఆ చేతి మీదికి పోయాయి. నేను సంచి తీసుకుని మెట్లు దిగాను.

కింద సున్నం కొట్టేవాళ్ళు టీ తాగడానికి పోయినట్టున్నారు. తలుపు తెరిచే ఉంది. ఎందుకో లోపలికి వెళ్ళి, ఖాళీ గది మధ్యలో నిలబడి, తల ఎత్తి పైకప్పు వైపు చూశాను. పైన పిల్లలందరూ ఆడుతున్నారని నాకు తెలుసు. టీచరమ్మ డోలు గట్టిగా కొడుతుందని కూడా తెలుసు. చెవి పెట్టి విన్నాను. గోడ మీద చెయ్యి వేసి చూశాను.

ఏమీ రాలేదు. పని చాలా బాగా చేశాం.